విప్పి బిగించిన కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

శ్రోతలకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇళ్లలోని కంప్యూటర్లు వేడెక్కి, ఫ్యాన్లు గోల చేయడం మొదలుపెడతాయి. మూత తీసి చూస్తే లోపలంతా దుమ్ము. మిర్యాలగూడలో రైస్ మిల్లుకు దగ్గరి ఇల్లయితే ఊక నూగు, మేళ్లచెరువు వైపు అయితే సిమెంటు పొడి. ఇంట్లో పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒక్కొక్క భాగం ఊడదీస్తారు, తుడుస్తారు, మళ్లీ బిగిస్తారు. ఆన్ చేస్తే వస్తుంది. కాసేపటికి ఆగిపోతుంది. లేదంటే నీలం తెర మీద ఎర్రర్ చూపే బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదంటే దానంతట అదే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది.

అప్పుడు చాలామంది చేసే పని, విండోస్ ఫార్మాట్ కొట్టించడం. దయచేసి ఆ పని చేయకండి. నిన్నటిదాకా బాగా నడిచిన విండోస్, స్క్రూలు విప్పినంత మాత్రాన పాడవదు. ఫార్మాట్ చేస్తే ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, దుకాణం లెక్కలు పోతాయి, రోగం మాత్రం అట్లాగే ఉంటుంది. విప్పాక వచ్చిన రోగం దాదాపు ఎప్పుడూ చేయి పడిన చోటే ఉంటుంది. కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని, ఏమేమి ఊడదీశారో రాయండి. దాని పక్కనే, మెషిన్ సరిగ్గా ఎప్పుడు ఆగిపోతుందో కూడా రాయండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆన్ చేసిన ఐదు, పది నిమిషాలకో, వీడియో పెట్టగానో టక్కున ఆగిపోతే ముందు అనుమానించాల్సింది కూలర్‌ను, అంటే కంప్యూటర్ పనంతా చేసే ప్రాసెసర్ చిప్పు మీద కూర్చుని దాని వేడిని లాగే ఫ్యాన్ దిమ్మను. కూలర్‌ను ఒకసారి పైకి లేపారంటే, దాని కింద ఉన్న పాత థర్మల్ పేస్ట్, అంటే ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే ముద్ద, పనికి రాదు. ఎండిపోయిన ఆ పొర పగిలి మధ్యలో గాలి చేరుతుంది, వేడి పైకి పోదు. ప్రాసెసర్ వేడి దాదాపు 100 డిగ్రీలకు చేరి ఇంకా పెరుగుతూ పోతే, తనను తాను కాపాడుకోవడానికి మెషిన్‌ను ఆపేస్తుంది. నిర్ధారించుకోవడం తేలిక. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ, విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ సీపీయూ టెంపరేచర్, అంటే ప్రాసెసర్ వేడి కనిపిస్తుంది. మన ఎండల్లో 50, 55 చూపినా భయం లేదు, ఎక్కడో ఒకచోట నిలబడాలి. నిలబడకుండా 70, 80, 90 అని ఎక్కుతూ పోతే వెంటనే ఆపేయండి. కూలర్ సరిగ్గా కూర్చోలేదు.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని మెత్తటి గుడ్డతో తుడవాలి. మొబైల్ రిపేరు దుకాణాల్లో అడిగితే ఇది దొరుకుతుంది. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది. కొత్త పేస్ట్ ప్రాసెసర్ నడిమధ్యలో ఒక కందిగింజంత పెడితే చాలు. వేలితో పూయొద్దు, కూలర్ బరువుకు అదే పరుచుకుంటుంది. పేస్ట్ బదులు టూత్‌పేస్ట్ పెట్టమనే సలహాలు వినిపిస్తుంటాయి. అది రోజుల్లో ఎండి, మొదటికంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది.

ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తీసేటప్పుడు కాలి తలను దాని మీదున్న బాణం వైపు తిప్పి లాగుతారు. మళ్లీ పెట్టే ముందు ఆ తలను వెనక్కి, మొదటి స్థానానికి తిప్పాలి. తిప్పకపోతే కాలు లోపలికి దిగినట్టే కనిపిస్తుంది గానీ పట్టుకోదు. నొక్కేటప్పుడు ఒకే పక్కవి రెండూ కాకుండా ఎదురు మూలలవి నొక్కండి, ఒక్కో కాలు టక్కుమనాలి. వీలైతే భాగాలన్నీ బిగించి ఉండే పెద్ద పలక, మదర్‌బోర్డు వెనక వైపు చూడండి. తెల్లటి చీలిక కాళ్లు బయటికి వచ్చి, వాటి మధ్య నల్ల పుల్ల కనిపించాలి. నాలుగింటిలో ఒక్కటి పట్టుకోకపోయినా కూలర్ ఒక పక్కకు లేస్తుంది. చివరగా ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టాలి.

ఏఎండీ కంపెనీ పాత రకం ప్రాసెసర్లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని వచ్చేస్తుంది. పిన్నులు వంగేది అప్పుడే. మెషిన్‌ను కాసేపు నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

ఇక ఆగడానికి ఒక వేళంటూ లేకుండా, ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అని రోజుకో రకం బ్లూ స్క్రీన్ వస్తుంటే ర్యామ్, అంటే మదర్‌బోర్డులో దిగే మెమరీ పట్టీ చూడండి. అసలు డిస్‌ప్లే రాకుండా బీప్, బీప్ అన్నా ముందు చూడాల్సింది దాన్నే. ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రాలిన పొడిని పొడి బ్రష్‌తో దులపండి. పెట్టేటప్పుడు కింది గాడి కలవాలి, రెండు చివర్లూ సమంగా దిగాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒక పక్కే ఉంటుంది, రెండో చివర పైకి లేచి ఉన్నా తెలియదు. వంగి, టార్చి వేసి చూడాల్సిందే. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కదానితో నడిపి చూడండి. స్లాట్, అంటే ర్యామ్ దిగే చోటు, మార్చినా ఒకే ర్యామ్‌తో ఆగుతుంటే తప్పు ర్యామ్‌ది. ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఆగుతుంటే తప్పు స్లాట్‌ది. విండోస్‌లో మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష ఉంది. ఇంకా గట్టిగా చూడాలంటే పెన్‌డ్రైవ్‌తో మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకండి.

బటన్ నొక్కిన రెండు మూడు సెకన్లకే ఆగి, మళ్లీ మళ్లీ లేస్తుంటే సంగతి వేరు. ప్రాసెసర్ దగ్గర మూలన ఉండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల కరెంటు ప్లగ్గు పూర్తిగా దిగిందా చూడండి. పెద్ద 24 పిన్నుల ప్లగ్గుకు కొక్కెం పడిందా చూడండి. రీసెట్ బటన్ దుమ్ముకు ఇరుక్కుపోయినా ఇట్లాగే అవుతుంది, దాని వైరు ఊడదీసి చూస్తే తేలిపోతుంది. మదర్‌బోర్డునే బయటికి తీసి ఉంటే, దాని కింద స్క్రూ ఏదైనా పడి ఉందేమో వెతకండి. బోర్డును డబ్బాకు తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి. ఒక్కటి ఎక్కువైనా బోర్డు షార్ట్ కావచ్చు.

ప్రతిసారీ విండోస్ గుర్తు దగ్గరే, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఒకే బ్లూ స్క్రీన్ వస్తే డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా వైరు రెండు చివర్లూ నొక్కి చూడండి. బయోస్ గుండు సెల్లు తీశారా? తీస్తే సెట్టింగులన్నీ మొదటికి పోతాయి, సాటా మోడ్ మారిపోయి విండోస్ తన డిస్కును తాను గుర్తుపట్టదు. బయోస్‌లో ఏహెచ్‌సీఐ, రెయిడ్, ఐడీఈ అనే మోడ్‌లలో సెల్లు తీయకముందు ఏది ఉండేదో అది మళ్లీ పెడితే సరిపోతుంది. సెల్లు పాతదైతే సీఆర్2032 అని అడగండి, గడియారాల దుకాణంలో కూడా ఇస్తారు.

విండోస్‌లో జరిగినవి రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని చూసి చాలామంది కొత్త ఎస్ఎంపీఎస్, అంటే మెషిన్‌కు కరెంటు ఇచ్చే డబ్బా కొనేస్తారు. ఆ సంఖ్యకు అర్థం, మెషిన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. కారణం అది చెప్పదు.

శుభ్రం చేసే పద్ధతి గురించి కూడా ఒక మాట. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించకండి. ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది, ఫ్యాన్లు వాటి శక్తికి మించి తిరిగి బేరింగులు పాడవుతాయి. చేతి బ్లోయర్ వాడినా ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జుమ్మంటే ఇంట్లో ఎర్తింగ్ లేదనే అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలువ ఉంటుంది. కాలిన వాసన వచ్చినా, ప్రాసెసర్ కింది పిన్నులు వంగినా మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. మానిటర్, కీబోర్డు మోసుకెళ్లనక్కరలేదు, సీపీయూ డబ్బా ఒక్కటి చాలు. ఏమేమి ఊడదీశారో రాసుకున్న ఆ కాగితం ఇచ్చి, ఫార్మాట్ చేయొద్దని ముందే చెప్పండి.

నమస్కారం.