ట్రైనింగ్ అయ్యేదాకా ఆగొద్దు: రెసిడెన్సీ ఇళ్ళల్లో రెండో ఉద్యోగం

అందరికీ నమస్కారం అండీ. ఆదివారం పూట ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చారు, పిల్లల్ని కూడా తీసుకొచ్చారు, చాలా సంతోషం. ఈ హాల్లో డాక్టర్లు తక్కువే, మనం ఎక్కువ. మనం అంటే ఇక్కడ అమెరికాలో రెసిడెన్సీ, అంటే హాస్పిటల్లో జీతం మీద డాక్టర్లు చేసే ట్రైనింగ్, చేస్తున్నవాళ్ళ భార్యలు, భర్తలు, ఇండియాలో ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఉండి, దాన్ని వదిలేసి ఇక్కడికొచ్చినవాళ్ళం. నేను చెప్పాలనుకున్నది ఒకటే విషయం, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే. "నా సంగతి ట్రైనింగ్ అయ్యాక చూద్దాంలే" అని మనం అనుకుంటాం కదా, దయచేసి అలా అనుకోవద్దు.

ఎందుకో లెక్క వేద్దాం. ఇంటర్నల్ మెడిసిన్ అయితే రెసిడెన్సీ 3 ఏళ్ళు, సరే 3 ఏళ్ళే కదా అని వస్తాం. రెండో ఏడు వచ్చేసరికి ఇంట్లో ఫెలోషిప్, అంటే రెసిడెన్సీ తర్వాత చేసే స్పెషాలిటీ ట్రైనింగ్, మాట మొదలవుతుంది, కార్డియాలజీ అనుకోండి, అదింకో 3 ఏళ్ళు. దాని తర్వాత ఇంటర్వెన్షనల్, అంటే స్టెంట్లు వేసే పని, చేస్తానంటే ఇంకో ఏడాది. జే వన్, అంటే ట్రైనింగ్ కోసం ఇచ్చే వీసా, మీద వచ్చినవాళ్ళైతే ట్రైనింగ్ అయిపోగానే వెనక్కెళ్ళి 2 ఏళ్ళు ఉండాలి, లేదా వేవర్, అంటే ఆ రూల్ నుంచి మినహాయింపు, తీసుకుని డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో 3 ఏళ్ళు పని చేయాలి. అంటే 3, 3, 3 మొత్తం 9 ఏళ్ళు, ఇంటర్వెన్షనల్ కూడా కలిపితే 10. సర్జరీ వాళ్ళకి రెసిడెన్సీయే 5 ఏళ్ళు, న్యూరోసర్జరీ 7. ముప్ఫై ఏళ్ళ వయసులో వచ్చిన మనిషి "ట్రైనింగ్ అయ్యాక" అని ఆగితే నలభై దగ్గర పడ్డాక మొదలుపెట్టాలి, అప్పటికి రెజ్యుమెలో పదేళ్ళ ఖాళీ. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, ఈ తొమ్మిదీ పదేళ్ళూ ఆగి ఉండే కాలం కాదు, ఇదే మన పని వయసు, మార్పు ఏదైనా ఇందులోనే చేసుకోవాలి అని చెప్తున్నా.

నా గురించి రెండు ముక్కలు. ఇండియాలో బ్యాంకులో ఆఫీసర్ని, మా ఆవిడకి ఇంటర్నల్ మెడిసిన్ సీటు మ్యాచ్ అయ్యాక రాజీనామా చేసి జే టూ, అంటే జే వన్ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా, మీద వచ్చాను. ఇప్పుడు ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ పని. ఈ మధ్యలో మూడు రాష్ట్రాలు మారాం. నా దారి అందరికీ పనికొస్తుందని కాదు, కానీ ఆ దారి ఎంచుకునేటప్పుడు నేను అడిగిన ప్రశ్నలు మాత్రం పనికొస్తాయి.

మొదట ర్యాంక్ లిస్టు సంగతి. మ్యాచ్ అంటే డాక్టర్లూ ప్రోగ్రాములూ ఒకరినొకరు వరసలో పెట్టి ఇచ్చే ర్యాంక్ లిస్టులని బట్టి ఎవరు ఎక్కడ చేరాలో తేల్చే పద్ధతి అని ఇక్కడ అందరికీ తెలుసు, సెప్టెంబర్లో అప్లికేషన్లు, శీతాకాలమంతా ఇంటర్వ్యూలు, ఆ తర్వాత ర్యాంక్ లిస్టు పెట్టడం, మార్చి మూడో వారంలో శుక్రవారం నాడు ఏ ఊరో తెలియడం, జూలై 1 నాటికి అక్కడ డ్యూటీలో ఉండడం. మ్యాచ్ అయిన ప్రోగ్రామ్‌లో చేరాల్సిందే, తర్వాత మనసు మార్చుకుంటానంటే కుదరదు. మరి మన ఉద్యోగం గురించి ఇంట్లో ఎప్పుడు మాట్లాడుకుంటున్నాం? ఎక్కువమంది మార్చి తర్వాతే మాట్లాడుకుంటారు. అప్పుడు మాట్లాడి ఉపయోగం ఏముంది చెప్పండి, ఊరు ఖరారైపోయింది, చేతిలో ఉన్నది మూడు నెలల చిల్లర, ఆ మూడు నెలలూ ఇల్లు వెతకడం, సామాను సర్దడంతోనే సరిపోతుంది. మాట్లాడుకోవాల్సింది లిస్టు పెట్టకముందు. ప్రతి ప్రోగ్రామ్ పేరు పక్కన ఆ ఊళ్ళో నీ పని ఏంటి, నా పని ఏంటి అని రెండూ రాసుకోండి. మొదటి నాలుగైదు స్థానాల్లో మార్పు రాకపోవచ్చు, అది డాక్టర్ కెరీర్‌కి సంబంధించింది, నేను కాదనను. కానీ ఏడో ప్రోగ్రామ్, ఎనిమిదో ప్రోగ్రామ్ రెండూ డాక్టర్‌కి ఒకటే అయినప్పుడు మన పని వల్ల అవి అటూ ఇటూ మారితే ఎవరికీ నష్టం లేదు, కదా? ఫెలోషిప్‌కి అప్లై చేసేటప్పుడు కూడా ఇదే, అప్పటికి మనకి ఒక ఉద్యోగం ఉండుంటుంది కాబట్టి ఇంకా గట్టిగా మాట్లాడుకోవాలి.

రెండోది వీసా. సిటిజన్లు, గ్రీన్ కార్డ్ వాళ్ళు కొంచెం ఓపిక పట్టండి, మిగతావాళ్ళకి ఇదే ప్రాణం. జే టూ మీద ఉన్నవాళ్ళు ఐ 765 అనే ఫారం ఫైల్ చేసి ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, తెచ్చుకుని ఎక్కడైనా పని చేయొచ్చు. మీ సంపాదన జే వన్ డాక్టర్ పోషణకి అవసరమై ఉండకూడదని రూల్ ఉంది కాబట్టి, అప్లికేషన్‌తో పెట్టే లెటర్‌లో డబ్బు దేనికి వాడతారో ఆ ప్రకారం రాయాలి. అంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, రెసిడెంట్లకి డీఎస్ 2019 అనే జే వన్ కాగితం ఏడాదికొకటి చొప్పున ఇస్తారు, మన ఈఏడీ దాని తేదీని దాటి ఉండదు, అంటే ప్రతి ఏడూ రెన్యువల్, అది లేటయితే మధ్యలో గ్యాప్. గ్యాప్ వచ్చిన రోజు నుంచి ఉద్యోగానికి వెళ్ళకూడదు, ఎంత మంచి మేనేజర్ అయినా ఏమీ చేయలేడు. కాబట్టి మీ ఆయనో మీ ఆవిడో వచ్చే ఏడాది కాంట్రాక్ట్ చేతికి రాగానే కొత్త డీఎస్ 2019 కోసం కాగితాలు అదే వారం పంపించేలా చూసుకోండి, డాక్టర్లకి నైట్ డ్యూటీల మధ్య ఇలాంటివి గుర్తుండవు, ఆ ఫైలు మీరే పట్టుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడే మీ హెచ్ఆర్‌కి కూడా ప్రతి ఏడూ ఇలా రెన్యువల్ ఉంటుందని చెప్పి పెట్టండి, చివరి వారంలో చెప్తే వాళ్ళకీ ఇబ్బందే, మనకీ ఇబ్బందే.

ఇంకో విషయం, దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు. వేవర్ ఉద్యోగం మొదలవగానే డాక్టర్ హెచ్ వన్ బీ అనే ఉద్యోగ వీసాకి మారతారు, మనం హెచ్ ఫోర్, అంటే వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసాకి మారతాం, జే టూ ఈఏడీ అక్కడితో అయిపోతుంది! అయిదారేళ్ళు చక్కగా ఉద్యోగం చేసిన మనిషి, ఇంట్లోకి పెద్ద జీతం వచ్చిన నెలలోనే పని ఆపేసి కూర్చోవాలి. హెచ్ ఫోర్ వాళ్ళకి ఈఏడీ 2015 నుంచి ఉంది గానీ, మామూలుగా డాక్టర్ ఐ 140, అంటే గ్రీన్ కార్డ్ కోసం వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యాకే దానికి అప్లై చేయగలం. గ్రీన్ కార్డ్ రావడానికి మనవాళ్ళకి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసిందే కదా, కానీ ఈఏడీకి గ్రీన్ కార్డ్ దాకా అక్కర్లేదు, ఐ 140 చాలు. అందుకని వేవర్ ఉద్యోగం కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు, జీతం ఎంత, కాల్ డ్యూటీ ఎన్ని రోజులు అని అడిగినట్టే, గ్రీన్ కార్డ్ పని ఎప్పుడు మొదలుపెడతారని అడిగి రాతలో తీసుకోండి. "చేరాక ఏడాదికి చూద్దాం" అని వాళ్ళంటే, దానర్థం మీరు ఏడాదికి పైగా ఇంట్లో ఉంటారని. ఈ ప్రశ్న అడగాల్సింది డాక్టర్, కానీ అడిగించాల్సింది మనం. డాక్టర్ల కోసం నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్ అని ఇంకో దారి కూడా ఉంది, యజమాని కోసం ఆగకుండా డాక్టరే స్వయంగా ఐ 140 వేసుకోవచ్చు, దానికి డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మొత్తం 5 ఏళ్ళు పని చేయాలి. మీ కేసుకి ఏది సరిపోతుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపులో అడగొద్దు. అలాగే హెచ్ ఫోర్ మీద ఈఏడీ లేకుండా ఇండియా కంపెనీకి ఇక్కడ ఇంట్లో కూర్చుని పని చేస్తే పర్లేదని చాలామంది చెప్తుంటారు, లాయర్ మాట వినకుండా ఆ పని అస్సలు మొదలుపెట్టొద్దు, రేపు గ్రీన్ కార్డ్ దగ్గర ఇద్దరికీ చుట్టుకుంటుంది. రెసిడెన్సీయే హెచ్ వన్ మీద చేస్తున్న ఇళ్ళల్లో హెచ్ ఫోర్ వాళ్ళకి ఇంకో అవకాశం ఉంది, యూనివర్సిటీల్లో ఉద్యోగం దొరికితే వాళ్ళు మీకు హెచ్ వన్ బీ లాటరీ లేకుండా వేయగలరు. మీ వాళ్ళు ట్రైనింగ్ చేసేది ఎలాగూ యూనివర్సిటీ హాస్పిటల్ పక్కనే అయితే, ఆ యూనివర్సిటీ ఉద్యోగాల పేజీ వారానికోసారి చూడండి.

ఇప్పుడు అసలు విషయం, ఏ పనికి మారాలి. నేను అడిగిన మొదటి ప్రశ్న, రాష్ట్రం మారితే ఈ పని నాతో వస్తుందా రాదా. ఈ దేశంలో లైసెన్సులు ఎక్కువ భాగం రాష్ట్రాల చేతిలో ఉంటాయి. టీచర్ సర్టిఫికెట్ ఒక రాష్ట్రంలో తెచ్చుకుంటే పక్క రాష్ట్రంలో మళ్ళీ కాగితాలు, ఒక్కోసారి మళ్ళీ పరీక్షలు. నర్సులకి బాగుంది, లైసెన్సుల కోసం రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం, దాన్నే కాంపాక్ట్ అంటారు, అందులో ఉన్న రాష్ట్రాలు 40 దాటాయి, వాటిల్లో ఒకచోట నివాసం ఉండి మల్టీస్టేట్ లైసెన్స్ తీసుకుంటే మిగతా వాటిల్లో కూడా చెల్లుతుంది, అయితే కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి పెద్ద రాష్ట్రాలు అందులో లేవు, ర్యాంక్ లిస్టు పక్కన రాసుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి. నేను బ్యాంకు నుంచి వచ్చాను కాబట్టి అందరూ సీపీఏ, అంటే మన సీఏ లాంటిది, చేయమన్నారు, అది మంచి చదువే, కానీ దానికి మన డిగ్రీ ఇవాల్యుయేషన్, క్రెడిట్లు సరిపోకపోతే మళ్ళీ కాలేజీ, పైగా లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రమే. ఎన్‌రోల్డ్ ఏజెంట్ లైసెన్స్ ఇచ్చేది ఐఆర్ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వపు ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ, 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, మూడు పేపర్లు పాసవ్వాలి, డిగ్రీ ఫలానాది ఉండాలని లేదు, చదవడానికీ పరీక్ష రాయడానికీ ఈఏడీ అక్కర్లేదు. జీతం సీపీఏ అంత ఉండకపోవచ్చు, నాకు మాత్రం ఊరు మారిన ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టకుండా ఉండడమే ముఖ్యం అనిపించింది.

బీ ఫార్మసీ వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2003 జనవరి నుంచి డిగ్రీ పూర్తి చేసి బయటికొచ్చినవాళ్ళకి, ఇక్కడ ఫార్మసిస్ట్ అవ్వడానికి రాసే ఈక్వివలెన్సీ పరీక్షకి కనీసం 5 ఏళ్ళ కోర్సు ఉండాలి. మన బీ ఫార్మసీ 4 ఏళ్ళు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది, ఫార్మ్ డీ వాళ్ళకి తెరిచే ఉంది. ఇది తెలియక మెటీరియల్ కొనుక్కుని నెలల తరబడి చదివినవాళ్ళని చూశాను, నిజంగా బాధేస్తుంది, వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, ముందుగా చెప్పేవాళ్ళు లేరంతే. ఆ చదువు మాత్రం వృథా కాదు. క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ ఉద్యోగాలు పెద్ద టీచింగ్ హాస్పిటల్స్‌లో ఎప్పుడూ ఉంటాయి, డ్రగ్ సేఫ్టీ, రెగ్యులేటరీ పనులు ఉన్నాయి, వీటికి రాష్ట్ర లైసెన్స్ గొడవ లేదు, కొన్నింటికి ఇంటి నుంచి చేసే వీలు కూడా ఉంటుంది. రేపు వేవర్ మీద చిన్న ఊరికి వెళ్ళాక ఇంటి నుంచి చేసే పని ఎంత విలువైనదో తెలుస్తుంది, అక్కడ హాస్పిటల్, స్కూలు, వాల్‌మార్ట్ తప్ప ఉద్యోగాలిచ్చేవాళ్ళు పెద్దగా ఉండరు.

బీడీఎస్ వాళ్ళకి దారి ఉంది గానీ ఖరీదు ఎక్కువ, అడ్వాన్స్‌డ్ స్టాండింగ్, అంటే బయటి దేశాల్లో చదివినవాళ్ళని పై ఏడాదిలోకి చేర్చుకునే ప్రోగ్రామ్‌లో సాధారణంగా 2 నుంచి 3 ఏళ్ళు, ఫీజులు లక్షల డాలర్లలో. రెసిడెంట్ జీతం చాలాచోట్ల ఏడాదికి 60, 70 వేల డాలర్ల దగ్గర ఉంటుంది కాబట్టి అప్పు తప్పదు, సీటు వేరే ఊళ్ళో వస్తే రెండిళ్ళు. అయినా దంత వైద్యమే మీ మనసులో ఉంటే, చేయండి, అంతకంటే తేలికైనది దొరికిందని వేరేదానికి వెళ్ళి పదేళ్ళు దిగులుపడే కంటే అదే నయం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నేను చెప్పేదేం లేదు, వాళ్ళ పని వాళ్ళతో వస్తుంది. కానీ అందరూ సాఫ్ట్‌వేర్‌కే మారాలని చుట్టాలు చెప్పే సలహా మాత్రం నాకు నచ్చదు. తెలుగు లెక్చరర్‌గా పదేళ్ళు చేసినావిడకి మూడు నెలల్లో టెస్టింగ్ నేర్పిస్తామంటారు, అయ్యా, ఆవిడకి పాఠం చెప్పడం వచ్చు, ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్లు, కాలేజీల్లో స్టూడెంట్ అడ్వైజింగ్, హాస్పిటల్స్‌లో ఇంటర్‌ప్రెటర్ పని, ఆవిడకున్న విద్యకి దగ్గరగా ఇవన్నీ ఉన్నాయి కదా.

ఇక టైమ్. 2003 నుంచి రెసిడెంట్లకి వారానికి 80 గంటల పరిమితి ఉంది, అదీ నాలుగు వారాల సగటు మీద, అంటే ఒక్కో వారం ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఇంటర్న్ ఏడాది, అంటే రెసిడెన్సీ మొదటి ఏడాది, మనకి కూడా కష్టమే, ఆ ఏడు పెద్ద పరీక్షలు పెట్టుకోకుండా ఇవాల్యుయేషన్లు, కాగితాలు, చిన్న కోర్సులు పూర్తి చేసుకుంటే సరిపోతుంది. ఇంటర్నల్ మెడిసిన్‌లో చాలా ప్రోగ్రాములు 4 ప్లస్ 1 పద్ధతిలో నడుస్తాయి, నాలుగు వారాలు వార్డు, ఒక వారం క్లినిక్. ఆ క్లినిక్ వారంలో డాక్టర్ సాయంత్రానికి ఇంట్లో ఉంటారు, మన పరీక్ష తేదీ, ఇంటర్వ్యూ అన్నీ ఆ వారంలో పెట్టుకోవాలి. ఏడాది షెడ్యూల్ రాగానే ఫ్రిజ్ మీద అతికించి, మన తేదీలు కూడా దాని మీదే వేరే రంగుతో రాసేయాలి. మా ఇంట్లో ఇది చేశాకే, నా చదువు "ఖాళీ ఉన్నప్పుడు చేసేది" కాకుండా అందరూ లెక్కలోకి తీసుకునే పని అయింది. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి ఒక మాట, 2022 జూలై నుంచి ట్రైనింగ్‌లో కనీసం ఒకసారి 6 వారాలు పూర్తి జీతంతో సెలవు ఇవ్వాలని రూల్ వచ్చింది, అది తండ్రులకి కూడా. మొహమాటపడి వాడుకోకుండా ఉండొద్దు.

చివరిగా చుట్టాల మాట. "డాక్టర్ ఇంట్లో ఉన్నావు, నీకు ఉద్యోగం ఎందుకమ్మా" అని ఆడవాళ్ళని, "మరి నువ్వేం చేస్తున్నావు బాబూ" అని మగవాళ్ళని అడుగుతారు, రెండూ గుచ్చుకుంటాయి. వాళ్ళకి జవాబు చెప్పుకుంటూ కూర్చోకండి. కానీ ఇంట్లో ఉన్న డాక్టర్‌కి మాత్రం తప్పకుండా చెప్పండి, నాకు పని కావాలి, డబ్బు కోసం మాత్రమే కాదు, పొద్దున్న లేస్తే నాకంటూ చేయాల్సిందొకటి ఉండాలి అని. మా ఆవిడకి నేను అది నోటితో చెప్పేదాకా తెలియలేదు, నేను బాగానే ఉన్నాననుకుంది, ఎందుకంటే నేను బాగానే ఉన్నానని చెప్తూ వచ్చాను. పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటాను, నాకదే ఇష్టం అనేవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు, అది మీరు కోరి ఎంచుకున్నదైతే చాలా మంచిది, ఈ ప్రసంగం మీకోసం కాదు.

ప్రశ్నలకి అరగంట ఉంది. జే టూ రెన్యువల్ దగ్గర పడినవాళ్ళు ముందు అడగండి, తేదీ గుర్తు లేకపోతే కార్డు తీసి చూసుకుని చెప్పండి. బీడీఎస్ చేసి ఇక్కడ మళ్ళీ చదివి ప్రాక్టీస్‌లో ఉన్న చెల్లెమ్మ ఒకరు వెనక వరసలో ఉన్నారు, ఆ ఫీజులూ అప్పుల సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు, మైక్ ఆవిడకిస్తాను.