గేటు దగ్గర మారిపోయే మాట

హోస్ట్: మాస్టారూ, హార్బర్ దగ్గర మూడు కొండల మీద వెంకన్న గుడి, దర్గా, మరియమాత చర్చి ఉన్నాయని విశాఖవాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. మరి ఆంధ్రా యూనివర్సిటీకి ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లలకు అద్దెకు గది దొరకడం ఎందుకింత కష్టం?

మాస్టారు: మొన్న ఒక అబ్బాయిని తీసుకుని పెదవాల్తేరు వెళ్లానమ్మా. ఫోన్‌లో ‘రండి సార్, ఖాళీగానే ఉంది’ అన్నారు. గేటు దగ్గర ఆ అబ్బాయిని చూశాక ‘అయ్యో, ఇప్పుడే అడ్వాన్స్ తీసుకున్నాం’ అన్నారు. టులెట్ బోర్డు గ్రిల్‌కి అలాగే వేలాడుతోంది. అబ్బాయి ఇంటావిడకి థాంక్స్ చెప్పి వచ్చేశాడు. నాకే తల కొట్టేసినట్టయింది.

హోస్ట్: మతపెద్దలు కలిస్తే ఇది మారుతుందా?

మాస్టారు: స్టేజీ ఎక్కి చేతులు కలిపి ఫొటో దిగితే మారదు. 1965 మార్చి 7న అమెరికాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతివాళ్లను పోలీసులు చితకబాదారు. నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ పిలిస్తే పాస్టర్లు, రబ్బీలు అనే యూదు మతగురువులు, నన్‌లు తరలివచ్చారు. హెషెల్ అనే రబ్బీ కింగ్‌తో ముందువరుసలో నడిచారు. జేమ్స్ రీబ్ అనే తెల్ల పాస్టర్‌ని కొట్టి చంపేశారు. ఆ ఆగస్టులోనే ఓటు హక్కు చట్టం వచ్చింది.

హోస్ట్: మన దగ్గర ఎవరు కదలాలి?

మాస్టారు: ఎవరి వాళ్లకు వాళ్లే చెప్పాలి. ఇంటి ఓనరు నా మాట వినడు, రోజూ వెళ్లే గుడి పంతులుగారి మాట వింటాడు. నీలమేఘశ్యాముడికి దండ వేసి, నల్లటి పిల్లాడి ముఖాన గేటు వేస్తావా అని ఆయన అడగాలి. మొదటి అజాన్ ఇచ్చిన బిలాల్ అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా మూలాలున్న నల్లజాతి మనిషని ఇమామ్ శుక్రవారం గుర్తుచేయాలి. ఫిలిప్పు బాప్తిస్మం ఇచ్చింది ఐతియొపీయుడికని, అంటే ఆఫ్రికా మనిషికని, బైబిల్లో అపొస్తలుల కార్యములు చదివిన ప్రతి ఇంటికీ తెలుసు.

హోస్ట్: పెళ్లిచూపుల్లో ‘పిల్ల కాస్త చామనచాయ’ అని గొంతు తగ్గించేదీ మనమే కదా.

మాస్టారు: అదే జబ్బమ్మా. ఇంట్లో పెట్టుకుని వీధిలో ఎక్కడ పోగొడతాం?

హోస్ట్: సరే, ముందుగా ఏం చేద్దామంటారు?

మాస్టారు: అడ్మిషన్లు మొదలవకముందే మూడు వైపుల నుంచీ ఇద్దరేసి పెద్దలు కూర్చుని, గది ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్ల పేర్లు రాయాలి. పిల్లాడు ఇల్లు చూసే రోజు వాళ్లలో ఒకరు పక్కనుండాలి. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఇంటివాళ్లు అతని వివరాల ఫారం (ఇదివరకు సి ఫారం అనేవారు) ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారికి పంపాలి. చాలామంది ‘ఆ టెన్షన్ మాకెందుకు’ అని తప్పించుకునేది అక్కడే. అది దగ్గరుండి నింపిపెట్టే కుర్రాళ్లు చర్చి యూత్‌లోనూ, మసీదు కమిటీలోనూ, భజన బృందంలోనూ బోలెడుమంది ఉన్నారు. ఈ ఆదివారమే వాళ్లను అడుగుదాం.