పరధ్యానాన్ని తిట్టడం ఆపండి!

లిఫ్ట్ కోసం నిలబడ్డ ఆ నలభై సెకన్లలో మీ చెయ్యి ఎక్కడికి పోయింది? జేబులోకి! ఫోన్ బయటికొచ్చింది, బొటనవేలు స్క్రీన్ మీద పరుగు మొదలెట్టింది. గట్టిగానే చెప్తున్నా, వినండి: అప్పుడే పుట్టబోతున్న ఆలోచన గొంతు మీరే నొక్కేశారు.

ఎవరిని చూసినా ఆ 2010 నాటి పరిశోధన పట్టుకుని "పరధ్యానం ఉంటే సంతోషం ఉండదు" అని ఊదరగొట్టేస్తున్నారు కదా. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2,250 మందిని ఫోన్లో ఆరా తీశారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు, అలాంటప్పుడు సంతోషమూ తక్కువే. సరే, ఒప్పుకుంటా. కానీ వాళ్లు అడిగింది "ఈ క్షణంలో ఎలా ఉంది?" అని! ఆ పరధ్యానం సాయంత్రానికి ఏం తెచ్చిచ్చిందో ఎవరడిగారు? విత్తు నాటిన పూటే పంటేదీ అంటే ఎలా?

మెదడు సంగతి చూడండి. బరువు ఒంట్లో 2 శాతం, తినే శక్తి 20 శాతం. తల బద్దలు కొట్టుకుని లెక్క చేసినా ఆ ఖర్చు పెరిగేది 5 శాతం లోపే! అంటే ఊరికే కూర్చున్నా మీటరు దాదాపు అంతే జోరుగా తిరుగుతోంది. 2001లో మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం దీన్నే డిఫాల్ట్ మోడ్ అంది, అంటే వేరే పని లేనప్పుడు మెదడు తనంతట తాను ఉండే తీరు. పని ఇస్తే నెమ్మదించి, పని ఆపగానే లేచే భాగాలు కొన్నున్నాయి. నిన్న ఆ మాట ఎందుకన్నాను, రేపు వాళ్లకి మొహం ఎలా చూపించను... ఇలా మనల్ని మనం తరచి చూసుకునేటప్పుడు చురుగ్గా ఉండేవీ అవే. తిరిగిందే తిరిగే దిగులు వేరు, దాన్ని నేను పొగడట్లేదు.

ఇక 2012లో జరిగిన ఒక ప్రయోగం. ఒక మామూలు వస్తువుకి కొత్త కొత్త వాడకాలు చెప్పమన్నారు. మధ్యలో కొందరికి కష్టమైన పని, కొందరికి తేలిక పని, కొందరికి విశ్రాంతి, కొందరికి అసలు విరామమే లేదు. మళ్లీ అవే ప్రశ్నలడిగితే బాగా మెరుగుపడింది ఎవరు? తేలిక పని చేసినవాళ్లు! ఊరికే కూర్చున్నవాళ్లు కూడా కాదు! నా సిద్ధాంతం అంతా ఇక్కడే ఉంది: మనసు తిరగాలంటే చేతికి చిన్న పని ఉండాలి.

గిన్నెలు తోముతుంటారు. మాడిన అడుగు మీద పీచు గుండ్రంగా తిరుగుతుంటుంది, మోచేతి దాకా నురగ. మూడు రోజులుగా కుదరని ఉత్తరం మొదటి వాక్యం అప్పుడే తడుతుంది, తడి చేతులతో రాసుకోవడానికి కూడా ఉండదు! గణితవేత్త పాయింకరేకి ఒక చిక్కు లెక్క కిటుకు బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే తట్టింది. అంతకుముందు రోజుల తరబడి ఆ లెక్కతో కుస్తీ పట్టాడు, అదీ మర్చిపోకండి. మనమో? గిన్నెలు తోమేటప్పుడూ చెవుల్లో ఇయర్‌బడ్సే!

ఈ వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఆపేయండి, అది నాదైనా సరే. సింక్‌లో గిన్నెలుంటే వెళ్లండి. ఇయర్‌బడ్స్ ఇక్కడే వదిలేయండి.