రాస్‌కి ఒక రూలు, రేచల్‌కి ఇంకో రూలు

అందరికీ నమస్కారం. పోయిన వారం మీలో ఒకమ్మాయి నాతో అనింది, "మేడం, ఫ్రెండ్స్ షోలో రాస్ లాంటోడు దొరికితే చాలు, ఇంకేం అడగను" అని. ఆ మాట ఇంటికెళ్లినా వదల్లేదు, అందుకే ఈ రోజు మీకు రాస్ పురాణం.

1994లో మొదలై 2004లో అయిపోయింది ఆ అమెరికా టీవీ కామెడీ షో. 236 ఎపిసోడ్లు. అది ముగిశాక పుట్టినవాళ్లు మీరు, తిరుపతిలో హాస్టల్ మంచాల మీద పడుకోని ఫోన్లో ఇంకా చూస్తానే ఉన్నారు. నేనూ చూస్తాను, నవ్వుతాను కూడా. రాస్ రౌడీ కాదు, తాగొచ్చి కొట్టడు. డైనోసార్ల మీద పీహెచ్‌డీ చేసినోడు, ప్రేమంటే కరిగిపోతాడు. రౌడీ అయితే మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు, చూడగానే పక్కకు తప్పుకుంటారు. ఇట్లాంటోడితోనే చిక్కు.

మూడో సీజన్ గుర్తు తెచ్చుకోండి. కాఫీ షాపులో కప్పులు మోసిన రేచల్‌కి, అంటే రాస్ ప్రేమించిన అమ్మాయికి, ఎట్టకేలకు ఫ్యాషన్‌లో ఉద్యోగం వస్తుంది. ఆ ఉద్యోగం సంగతి చెప్పినవాడు మార్క్. ఇంకేముంది, రాస్‌కి కడుపుమంట. ఆమె ఆఫీసుకి కానుకల మీద కానుకలు, చివరికి నలుగురు పాటగాళ్లను కూడా పంపుతాడు. పైకి ప్రేమే, కానీ అసలు పని "ఈమె నాది" అని బోర్డు పెట్టడం. ఇంకోటి, మీరెవరూ పట్టించుకోనిది: ఫ్యాషన్ మీద ఒక లెక్చర్ ఉంటే, రేచల్ మార్క్‌తో వెళ్లకూడదని తనే వస్తానని పట్టుబట్టి వెళ్తాడు. వెళ్లి ఏం చేశాడు? నిద్రపోయాడు! అదే మనిషి డైనోసార్ ఎముకల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అందరూ చెవులు రిక్కించి వినాల.

తర్వాత ఆ పిక్నిక్ బుట్ట. రేచల్ ఆఫీసులో పెద్ద గండం వచ్చిపడి ఫోన్లో తలమునకలై ఉంటే, యానివర్సరీ అని తిండి తెచ్చి ఆమె టేబుల్ మీదే పరుస్తాడు. మార్చి 31 సాయంత్రం బ్యాంకులో లెక్కలు తేలక భార్య తల పట్టుకోని కూర్చుంటే, మొగుడు క్యారియర్ విప్పి పులిహోర వడ్డించినట్టు ఉంటుంది ఆ సీను. ఆ రాత్రి గొడవ, ఆమె బ్రేక్, అంటే కొన్నాళ్లు దూరంగా ఉందాం అంటుంది, తెల్లారేలోపే అతను ఇంకొకామెతో. మళ్లీ ఏళ్ల తరబడి "మనం బ్రేక్‌లో ఉన్నాం కదా" అని వాదన. ఆమె ఒక మగాడితో కలిసి పని చేస్తే అనుమానం, తను చేస్తే టెక్నికల్ పాయింటు. ఆరో సీజన్‌కి ప్రొఫెసర్ అయి తన దగ్గర చదువుకున్న అమ్మాయితోనే తిరుగుతాడు. మీరు కాలేజీలో ఉన్నారు కాబట్టి దాని గురించి నేను ఎక్కువ చెప్పను.

తొమ్మిదో సీజన్‌లో రాస్, రేచల్‌ల పాపను చూసుకోడానికి శాండీ అనే మగ ఆయా వస్తాడు. పనిలో వంక పెట్టడానికేం లేదు, అయినా రాస్ తీసేస్తాడు, మగాడికి ఆ సున్నితం ఏందని. చివర్లో చిన్నప్పటి తండ్రిని తలుచుకోని ఏడుస్తాడు. షో రాసినవాళ్లకు జబ్బు ఎక్కడుందో బాగానే తెలుసు. తెలిసీ ఆ ఉద్యోగం పోయినోడి మీద మనల్ని నవ్విస్తారు, నాకు కోపం అక్కడే. అంతకుముందే కొడుకు బెన్ బార్బీతో ఆడుకుంటుంటే ఆ బొమ్మ వదిలించాలని నానా తంటాలు పడతాడు. తీరా చూస్తే చిన్నప్పుడు రాస్ తనే ఆడవేషం వేసుకోని టీ పార్టీ ఆడేవాడని చెల్లెలు మోనికా బయటపెడుతుంది.

మా అన్న ఈ ఎపిసోడ్ చూసి పొట్ట పట్టుకోని నవ్వినాడు. మొన్న గోవిందరాజస్వామి గుడి దగ్గర చెక్కబొమ్మల కొట్లో వాళ్లబ్బాయి, నాలుగేళ్లోడు, రాణి బొమ్మను పట్టుకోని వదల్లేదు. మా అన్న దాన్ని లాక్కోని వెనక్కిచ్చి ప్లాస్టిక్ జేసీబీ కొనిచ్చినాడు. పిల్లోడు బస్టాండు దాకా ఏడ్చినాడు. నేను చాటుగా వెళ్లి రాణి బొమ్మను కొన్నాను. అది ఇప్పుడు మా వదిన బీరువాలో, చీరల కింద ఉంది. అన్న డ్యూటీకి పోయినప్పుడు బయటికి తీస్తాది.