ఆటోమేటిక్ కారులో న్యూట్రల్ స్విచ్: సర్క్యూట్ పరీక్ష

మెకానిక్ మిత్రులకు, ఐటీఐ విద్యార్థులకు నమస్కారం.

ఆటోమేటిక్ కారులో లివర్ పీ (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డీ (డ్రైవ్)లలో ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలిపేది సాధారణంగా గేర్‌బాక్స్ పక్కన సెలెక్టర్ షాఫ్ట్ మీద కూర్చునే చిన్న స్విచ్. మన షెడ్లలో దీన్ని న్యూట్రల్ స్విచ్ అంటాం. పీలోనో ఎన్‌లోనో తప్ప ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపేదీ, చాలా కార్లలో రివర్స్ లైట్లు వెలిగించేదీ ఇదే. అందుకే పీలో తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఎన్‌లోకి మార్చగానే స్టార్టయ్యే బండి తన రోగాన్ని సగం తానే చెప్పేసినట్టు.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే తరచుగా పీ0705 కోడ్ కనిపిస్తుంది. గేర్ స్థానం తెలిపే సర్క్యూట్‌లో లోపముందని దాని అర్థం. ఆ సర్క్యూట్‌లో స్విచ్‌తో పాటు ఫ్యూజు, వైర్లు, కనెక్టర్, ఎర్త్ కూడా ఉన్నాయి. ఇది పట్టించుకోక నేను ఒకసారి కొత్త స్విచ్ బిగించి పంపిన కారు మర్నాడే తిరిగొచ్చింది. చివరికి దొరికింది కనెక్టర్‌లో నీరు చేరి చిలుము పట్టిన ఒక పిన్ను. ఆ యజమాని చేత అనవసరంగా పెట్టించిన ఖర్చు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కాబట్టి ముందుగా స్కానర్‌లో లైవ్ డేటా (కంప్యూటర్‌కు ఆ క్షణంలో అందుతున్న సమాచారం) తెరిచి, లివర్‌ను నెమ్మదిగా ఒక్కో స్థానంలోకి జరుపుతూ తెర మీది అక్షరం దానితో కలుస్తోందో లేదో చూడండి. అన్ని స్థానాల్లోనూ కాస్త తేడా ఉంటే కేబుల్ లేదా స్విచ్ అమరిక తప్పి ఉండవచ్చు; చాలా గేర్‌బాక్సుల్లో ఎన్‌లో పెట్టి, బోల్టులు వదులు చేసి, గుర్తులు కలిపితే అది సరిపోతుంది. ఒక్క స్థానమే కనిపించకపోతే ఆ వైరునూ, ఆ పిన్నునూ అనుమానించాలి.

ఇక మల్టీమీటర్. కనెక్టర్ ఊడదీసి కంటిన్యుటీ (వైరు తెగలేదని బీప్‌తో చెప్పే పరీక్ష) ఒక్కటే చూసి వైరు బాగుందని తేల్చేయకండి. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా మీటరులో బీప్ అంటుంది, లోడు పడగానే వోల్టేజీ జారిపోతుంది. కనెక్టర్ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వెనక నుంచి ప్రోబు పెట్టి కొలవాలి. చాలా స్విచ్చులకు బ్యాటరీ వోల్టేజీ, కొన్నిటికి కంప్యూటర్ నుంచి 5 వోల్టులు వస్తాయి గనుక ఆ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ చేతిలో ఉండాలి. స్విచ్చుకు ఎర్త్ వైరు ఉంటే, దానికీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి శుభ్రం చేయండి.

ఈ స్విచ్‌ను తప్పించి స్టార్టర్ రిలేకు నేరుగా వైరు కలిపి బండిని పంపే అలవాటు మాత్రం మానాలి. అలాంటి కారు డీలోనే స్టార్టయి ఎదుట నిలబడ్డ మనిషి మీదికి దూకగలదు. పని ముగిశాక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలుతో బ్రేకు గట్టిగా నొక్కి, ఆర్‌లోనూ డీలోనూ ఇంజిన్ స్టార్ట్ కావడం లేదని చూసుకున్నాకే తాళం యజమానికి ఇవ్వండి.