బీడు డ్రైనేజీ పైపు ఇంట్లో కోయాలంటే ఏ పరికరం? నాలుగూ వాడి చూశాను

నమస్తే అండి. నా వెనకాల గోడకి కనిపిస్తున్న ఈ నల్లటి పైపే ఇవాళ్టి విషయం. విశాఖపట్నం పెదవాల్తేరులో మా మేనమామ గారి ఇల్లు ఇది, 1983లో కట్టారు. పై బాత్రూమ్ నుంచి కింద చాంబర్ దాకా దిగే నాలుగు అంగుళాల సి.ఐ. పైపు, అంటే కాస్ట్ ఐరన్, మన పెద్దవాళ్లు బీడు పైపు అంటారు. నేల నుంచి మూడడుగుల ఎత్తులో నిలువునా చీలింది. చీలినంత మేర కోసి తీసేసి అక్కడ పీవీసీ ముక్క వేయాలి.

దీనికోసం నాలుగు పరికరాలు తెచ్చాను. హ్యాక్సా, గొలుసు కట్టరు, యాంగిల్ గ్రైండరు, రెసిప్రొకేటింగ్ సా. గ్రైండరు, హ్యాక్సా నావే. మిగతా రెండూ తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నాను.

ముందు పైపు దగ్గరికి రండి. మామూలు స్క్రూడ్రైవరుతో పెయింటు లేనిచోట గీస్తున్నాను. ఇక్కడ పైన గీస్తే వెండిలా మెరుస్తోంది, అంటే ఇనుము గట్టిగానే ఉంది. ఇప్పుడు పగులు పక్కన గీస్తాను, చూడండి. మెరుపు లేదు. పెన్సిల్ చెక్కినప్పుడు రాలే పొడిలాంటిది నల్లగా రాలుతోంది, వేలికి అంటుకుంటోంది. బీడులో గ్రాఫైటు రేకులు రేకులుగా ఉంటుంది. ఏళ్ల తరబడి తడికీ ఉప్పుగాలికీ ఇనుము కరిగిపోయి, ఆ గ్రాఫైటు మాత్రం పైపు ఆకారంలో అలాగే నిలబడుతుంది. రంగు వేస్తే కొత్తదానిలా ఉంటుంది కానీ బలం ఉండదు. ఏ పరికరం వాడాలన్నది ఈ గీతతోనే సగం తేలిపోతుంది.

మిగతా సగం గోడ తేలుస్తుంది. పైపుకీ గోడకీ మధ్య నా వేళ్లు పెడుతున్నాను. రెండు వేళ్లు పడుతున్నాయి, మూడోది పట్టడం లేదు. ఈ సందు సంగతి గుర్తుపెట్టుకోండి.

హ్యాక్సా గురించి ఎక్కువ చెప్పను. అంగుళానికి 18 లేదా 24 పళ్లున్న బ్లేడు వేస్తే బీడు తెగుతుంది, పొడిపొడిగా రాలుతుంది, నూనె కూడా అక్కర్లేదు. రెండు అంగుళాల పైపు అయితే ఓపికగా కోసేయొచ్చు. నాలుగు అంగుళాల పైపు, 5 మిల్లీమీటర్ల మందం, అదీ గోడ పక్కన... భుజాలు పట్టేస్తాయి, పైగా వెనక్కి ఫ్రేము పోదు. అయినా ఇంట్లో ఒకటి ఉండాల్సిందే. ఆఖర్లో మిగిలే కాస్త భాగానికి ఫ్రేము తీసేసి, బ్లేడుకి గుడ్డ చుట్టి పట్టుకుని కోయడానికి పనికొస్తుంది.

గొలుసు కట్టరు నాకు బాగా నచ్చిన పరికరం. సైకిల్ చైనులాంటి గొలుసు, లింకు లింకుకీ ఒక గట్టి చక్రం. పైపు చుట్టూ వేసి హ్యాండిల్ బిగిస్తూ పోతే చుట్టూరా ఒకేసారి ఒత్తిడి పడి, టక్‌మని విరుగుతుంది. నిప్పురవ్వలు లేవు, దుమ్ము లేదు, కరెంటు అక్కర్లేదు. ఈ పాత ముక్క మీద చూపిస్తాను... విన్నారా ఆ చప్పుడు? అంచు చూడండి, ఎంత నున్నగా వచ్చిందో. రిడ్జిడ్ లాంటి కంపెనీలు చేస్తాయి. అమెరికాలో బేస్‌మెంట్ ఉన్న పాత ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, మీకు ఇది అద్దెకు దొరుకుతుంది, కొనకండి. మన దగ్గర మేస్త్రీలు ఇదే పని సుత్తీ ఉలితో చేసేవారు. సుద్దతో చుట్టూ గీత గీసి, దాని మీదే మెల్లగా కొట్టుకుంటూ తిరిగేవారు. సూత్రం ఒక్కటే.

కానీ ఈ పైపుకి నేను దీన్ని వాడను. పైపు గట్టిగా ఉంటేనే గీత మీద విరుగుతుంది. ఇందాక నల్లపొడి రాలిన చోట బిగిస్తే నలిగిపోతుంది, పగులు పైకి పాకుతుంది. పైముక్క కూడా పోయిందంటే పై అంతస్తు దాకా మార్చాలి. మీ పైపు గీస్తే మెరిసింది, గొలుసు తిరగడానికి వెనక జాగా ఉంది అంటే మాత్రం మొదటి ఎంపిక ఇదే.

ఇక గ్రైండరు. మనలో చాలామంది ఇళ్లల్లో ఉన్నది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మెటల్ కోసే సన్నటి డిస్కు కావాలి, ఒక మిల్లీమీటరు మందం. డిస్కు మధ్యలో ఉన్న ఈ ఇనప రింగు దగ్గరగా చూపిస్తున్నాను. దాని మీద నెల, సంవత్సరం ఉన్నాయి కదా, అది ఎక్స్‌పైరీ. రెసిన్‌తో అతికించిన డిస్కు కాబట్టి ఏళ్లు గడిస్తే బలం తగ్గుతుంది. డిస్కు మీద రాసిన ఆర్‌పీఎం మీ మిషన్ ఆర్‌పీఎం కంటే తప్పకుండా ఎక్కువ ఉండాలి. టైల్స్ కోసే డైమండ్ డిస్కు దీనికి వాడకండి. ఇనుము కోసే డైమండ్ డిస్కు వేరే ఉంటుంది. ఖరీదు ఎక్కువే కానీ అరిగి చిన్నదైపోదు, ముక్కలుగా పగలదు.

పోయిన ఏడాది ఇదే గోడకి ఇంకో పైపు మార్చడానికి వచ్చినవాళ్లు, సందులోకి పట్టడం లేదని డిస్కుకి అడ్డుగా ఉండే గార్డు తీసేశారు. కోత ముగిసేటప్పుడు పైపు కిందికి జారి డిస్కుని నొక్కేసింది. డిస్కు పగిలి ముక్క వెళ్లి వంటింటి కిటికీకి తగిలింది. మా అత్తయ్య అప్పుడే అక్కడి నుంచి లేచి వెళ్లారు. ఆ రోజు నుంచి గార్డు లేని గ్రైండరు ఈ ఇంట్లో ఆన్ చేయనివ్వను. కళ్లద్దాలతో సరిపెట్టుకోకుండా ముఖం మొత్తం కప్పే షీల్డు పెట్టుకోండి. మెడలో తువ్వాలు ఉంటే తీసేయండి.

నాలుగు అంగుళాల గ్రైండరు అంగుళం లోతు మించి పోదు. ముందువైపు, రెండు పక్కలు హాయిగా తెగుతాయి, గోడవైపుది మిగిలిపోతుంది. అక్కడ రెండు దారులున్నాయి. ముందువైపు కిటికీలా ఒక ముక్క కోసి తీసేసి, ఆ కంత లోంచి పైపు వెనక భాగాన్ని లోపలి నుంచి కోయడం ఒకటి. చేయొచ్చు కానీ మురుగు, నిప్పురవ్వలు రెండూ మీ మీదికే వస్తాయి.

రెండోది ఇదిగో, రెసిప్రొకేటింగ్ సా. ముందుకీ వెనక్కీ ఆడే రంపం. దీనిలో మిషన్ కంటే బ్లేడు ముఖ్యం. మామూలు మెటల్ బ్లేడు పళ్లు బీడు మీద త్వరగా అరిగిపోతాయి. కార్బైడ్ పళ్లున్న తొమ్మిది అంగుళాల బ్లేడు తీసుకోండి. స్పీడు తగ్గించి, మిషన్ ముక్కు పైపుకి ఆనించి పట్టుకోవాలి, లేకపోతే చెయ్యి అదిరిపోతుంది. బ్లేడు తిరగేసి పెట్టి, ఆ రెండు వేళ్ల సందులోకి జొనిపి, కాస్త వంచుతూ కోస్తున్నాను. తెగింది.

నా మాట చెప్తున్నాను. ఒకే పైపు, ఒకే రిపేరు అయితే గ్రైండరుతో ముందు కోసి, వెనక హ్యాక్సా బ్లేడుతో ముగించండి, కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. పాత ఇల్లు, ఏటా ఏదో ఒక పైపు పని ఉంటుందనుకుంటే రెసిప్రొకేటింగ్ సా కొనండి.

కోతకి ముందు ఇంకో పని ఉంది. ఆరడుగుల బీడు పైపు ఒక్కోటి 20 కిలోలకు పైనే తూగుతుంది. ఈ కోత పైన అలాంటివి మూడున్నాయి. గోడకి కొట్టిన పాత మేకుల్ని నమ్మకండి. నేను పై సాకెట్, అంటే పై పైపు వచ్చి దిగే వెడల్పు మూతి, దాని కింద కొత్త ఇనప క్లాంపు వేసి గోడకి బిగించాకే మొదలుపెట్టాను. పైపులో మురుగు గ్యాసు ఉంటుంది, అంటుకుంటుంది. గ్రైండరు పెట్టేముందు రెండు బకెట్ల నీళ్లు పోసి కడిగి, చాంబర్ మూత చాలాసేపు తెరిచి ఉంచండి. పై బాత్రూమ్‌కి తాళం వేసి, తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి.

కొత్త ముక్క కొలతకి పైపు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. నాకు దారం 345 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే 110. పీవీసీ పైపు బయటి కొలత కూడా 110 కాబట్టి స్టీలు క్లిప్పులున్న రబ్బరు కప్లింగ్ రెండువైపులా సరిగ్గా కూర్చుంది. బిగించాను.

అత్తయ్యా, పైనుంచి ఒక బకెట్ పోయండి! జాయింటు కింద పొడి న్యూస్‌పేపరు పట్టుకున్నాను, చూస్తూ ఉండండి... ఇంకో బకెట్... పేపరు తడవలేదు.