కాలువ నీటి తగాదాలో మధ్యవర్తి పని ఎక్కడ మొదలవుతుంది? లారెన్స్ సస్కిండ్ పద్ధతి, గోదావరి డెల్టాలో

[తెరపై: ఫిబ్రవరి నెల. పంట కాలువ పై భాగంలో నిండుగా నీళ్ళు. తర్వాతి షాట్‌లో శివారు చేను, నెర్రెలు]

నమస్కారమండి.

దాళ్వా (రెండో పంట వరి) మధ్యలో గోదావరి డెల్టాలో కాలువ చివరున్న ఏ శివారు ఊరికి వెళ్ళినా ఒకటే మాట. "పైవాళ్ళు తూములు ఎత్తేసుకున్నారండి, మాదాకా చుక్క రావట్లేదు." పైకెళ్ళి అడిగితే, "మా వంతు మేం వాడుకున్నామండి. కాలువ పూడిపోతే మమ్మల్నంటే ఎలా?" అంటారు. వెంటనే ఎవరో ఒకరు మీటింగ్ పెట్టిస్తారు. మైకు, కుర్చీలు, అరుపులు. మర్నాడు తూములు ఎప్పట్లాగే ఉంటాయి.

ఇలాంటి మీటింగులు ఎందుకు తేలవో, తేలాలంటే ముందు ఏం జరగాలో జీవితమంతా పరిశోధించిన ప్రొఫెసర్ లారెన్స్ సస్కిండ్. ఆయన పని గురించే ఈ వీడియో.

[తెరపై: 1971, 1983, 1993 సంవత్సరాలు ఒకదాని తర్వాత ఒకటి]

సస్కిండ్ చదివింది పట్టణ ప్రణాళిక. 1971లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. చెత్త డంపింగు యార్డు, రోడ్డు, కరెంటు ప్లాంటు, ఏది కట్టబోయినా జనం అడ్డం తిరగడం, కోర్టుకెళ్ళడం, ఏళ్ళు గడిచిపోవడం చూశాక ఆయన ప్రశ్న మారింది. మంచి ప్లాన్ ఎలా గీయాలి అన్నది వెనక్కి పోయి, ఆ ప్లాను వల్ల లాభం, నష్టం పొందేవాళ్ళంతా కలిసి ఎలా తేల్చుకోవాలి అన్నది ముందుకొచ్చింది.

1983లో హార్వర్డ్ లా స్కూల్ కేంద్రంగా, చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు కలిసి పెట్టిన ప్రోగ్రామ్ ఆన్ నెగోషియేషన్ వ్యవస్థాపకుల్లో ఆయనొకరు. అక్కడ పబ్లిక్ తగాదాల విభాగాన్ని నడిపారు. 1993లో కన్సెన్సస్ బిల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే లాభాపేక్ష లేని సంస్థ స్థాపించారు. పాఠం చెప్పడం, తగాదాల్లో స్వయంగా కూర్చోవడం, చూసింది రాయడం, ఈ మూడూ ఆయన వృత్తిలో ఎప్పుడూ కలిసే సాగాయి. తర్వాతి కాలంలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నీటి ఇంజనీరు షఫీకుల్ ఇస్లాంతో కలిసి నీటి తగాదాల మీదే ప్రత్యేకంగా పని చేశారు.

ఆయన లేవనెత్తిన వాదన ఒకటి మనకి చాలా అవసరం. 1981లో ఒక లా పత్రికలో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: పర్యావరణ తగాదాలో మధ్యవర్తి "ఇద్దరూ ఒప్పుకున్నారు, నా పని అయిపోయింది" అని చేతులు దులుపుకోకూడదు. బల్ల దగ్గర లేనివాళ్ళకి ఆ ఒప్పందం వల్ల నష్టమా అన్నది కూడా ఆయన బాధ్యతే. జోసెఫ్ స్టల్బర్గ్ అనే మరో పండితుడు దీన్ని గట్టిగా ఖండించారు. మధ్యవర్తి అలా ఒకరి తరఫున ఆలోచించడం మొదలెడితే తటస్థుడు ఎలా అవుతాడన్నది ఆయన ప్రశ్న.

రెండు వైపులా బలం ఉంది. కానీ డెల్టాలో మాత్రం సస్కిండ్ మాటే నిలుస్తుంది. రొయ్యల చెరువుల వాళ్ళూ, పక్క చేల వాళ్ళూ రాజీపడి ఉప్పునీళ్ళు మురుగు కోడులోకి వదలాలని రాసుకుంటే ఇద్దరికీ బాగానే ఉంటుంది. ఆ నీళ్ళు దిగువ ఊళ్ళకే కదా పోయేది! ఆ ఊళ్ళ వాళ్ళని ఎవరూ పిలవలేదు.

[తెరపై: కాలువ పటం. పై తూములు, శివారు తూములు, చెరువులు, మురుగు కోడు]

ఇప్పుడు పద్ధతిలోకి వద్దాం. ఉదాహరణకి ఒక ఊహా కాలువ తీసుకుందాం. శివారులో 600 ఎకరాల దాళ్వా వరి ఉంది.

మధ్యవర్తి మొదట చేసేది మీటింగ్ పెట్టడం కాదు. ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా వెళ్ళి వినడం. పైవాళ్ళు, శివారు వాళ్ళు, చేపల చెరువుల వాళ్ళు, వేసవికి మంచినీటి చెరువు నింపుకోవాల్సిన పంచాయతీ, కాలువ కాపలా చూసే లస్కర్లు, ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ). వీళ్ళు అందరికీ గుర్తొస్తారు. గుర్తురానిది కౌలు రైతు. డెల్టాలో చేలో దిగేది చాలాచోట్ల కౌలు రైతే. రాతకోతల్లేని కౌలైతే ఏ జాబితాలోనూ పేరుండదు. మీటింగ్‌కి భూమి యజమాని వస్తాడు, తల ఊపుతాడు, వెళ్ళిపోతాడు. అర్ధరాత్రి బోదె (చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ) దగ్గర గొడవపడేది మాత్రం ఆ ఒప్పందం గురించి తెలియని మనిషి.

ఈ విడి మాటల్లో అడిగే ప్రశ్న ముఖ్యం.

"మీకు ఎన్ని నీళ్ళు కావాలండి?"
"కాలువ నిండా రావాలండి."
"ఏ రోజుల్లో రాకపోతే పంట పోతుందండి?"
"లోపల వెన్ను తయారయ్యే చిరుపొట్ట దశ నుంచి గింజ పాలు పోసుకునేదాకా తప్పకుండా ఉండాలి. మిగతా రోజులు కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకొస్తాం."

మొదటి జవాబు పట్టుదల, రెండోది అసలు అవసరం. పై ఊళ్ళో ముందే నాట్లు పడితే, వాళ్ళ చిరుపొట్ట రోజులూ శివారు చిరుపొట్ట రోజులూ ఒకటి కావు. బేరానికి చోటు అక్కడ దొరుకుతుంది. ఇద్దరూ "నీళ్ళు కావాలి" దగ్గరే ఆగిపోతే ఆ చోటు కనపడదు.

వినడం అయ్యాక ఎవరెవరు ఏమన్నారో, పేర్లు లేకుండా, రెండు మూడు పేజీల్లో రాసి అందరికీ పంచుతారు. శివారు మనిషి మాట పై మనిషి ప్రశాంతంగా చదవడం చాలాసార్లు అదే మొదటిసారి.

[తెరపై: టేపు, కొబ్బరికాయ, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్]

తర్వాతది కలిసి కొలవడం. సస్కిండ్ పద్ధతిలో అన్నిటికన్నా బలమైన భాగం ఇదే, కాబట్టి నిదానంగా చూద్దాం. ఒక పక్షం తెచ్చిన లెక్కని రెండో పక్షం నమ్మదు. అందుకే ఏం కొలవాలి, ఎక్కడ కొలవాలి, ఎవరు కొలవాలి అన్నది ముందే ఇద్దరూ ఒప్పుకుని, టేపు చెరో చివర పట్టుకోవాలి.

కాలువ తిన్నగా ఉండి గుర్రపు డెక్క కలుపు లేని చోట 50 అడుగులు గుర్తు పెట్టండి. వెడల్పు కొలవండి. లోతు అయిదు చోట్ల కొలిచి సగటు తీయండి. కొబ్బరికాయ వదిలి 50 అడుగులు ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. గాలికి పక్కకి పోతుంది కాబట్టి మూడుసార్లైనా వదలాలి. వెడల్పు 12 అడుగులు, లోతు 2 అడుగులు, సమయం 40 సెకన్లు అనుకుందాం. వేగం సెకనుకి 1.25 అడుగులు. మూడూ గుణిస్తే 30. పైన పారే నీళ్ళకంటే అడుగున పారేవి నెమ్మది, కాబట్టి 0.85తో గుణించాలి. సుమారు 25 క్యూసెక్కులు, అంటే సెకనుకి 25 ఘనపుటడుగుల నీళ్ళు.

ఇదే పని శివారు మొదట్లో చేస్తే 9 వచ్చిందనుకుందాం. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు 12 ఎకరాల్లో రెండంగుళాల నీళ్ళు నిలుస్తాయి. 9 క్యూసెక్కులకి రోజుకి సుమారు 107 ఎకరాలు. 600 ఎకరాలు తడవాలంటే దాదాపు ఆరు రోజులు, బోదెల్లో ఇంకేది కలుపుకుంటే ఏడు. "కాలువ నిండా" అన్న కోరిక ఇప్పుడు "వారం రోజుల వంతు"గా మారింది. దీని మీద మాట్లాడుకోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాటు పగలే కొలవడం. పై భాగంలో నీళ్ళు తోడే ఇంజన్లు రాత్రి నడిస్తే పగటి లెక్క అబద్ధం చెప్తుంది. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పదికి ఒకసారి కొలవాలి. తగ్గింది తూముల వల్లా, పూడిక వల్లా, ఇంజన్ల వల్లా అన్నది అప్పుడే విడిగా తెలుస్తుంది.

[తెరపై: చేతిరాతతో ఒప్పందం ముసాయిదా, కొట్టివేతలతో]

ఇప్పుడు అందరూ కూర్చోవచ్చు. ఎవరి కాగితం వాళ్ళు తెచ్చుకోరు. మధ్యవర్తి ఒక్క ముసాయిదా రాసి అందరి ముందూ పెడతారు. "ఒప్పుకుంటారా, లేదా" అని అడగరు. "ఇందులో మీకు ససేమిరా కుదరనిది ఏది? దాని బదులు మీకూ ఎదుటివాళ్ళకీ పనికొచ్చేలా ఏం రాద్దాం?" అని అడుగుతారు. కొట్టివేతలు పెరిగేకొద్దీ ఆ కాగితం అందరిదీ అవుతుంది.

ఓటింగు పెట్టకపోవడానికి కారణం ఉంది. పై తూముల కింద ఎకరాలూ రైతులూ ఎక్కువైతే చేతులెత్తే ప్రతిసారీ శివారు ఓడిపోతుంది. ఓడినవాళ్ళు రాత్రి తూము పగలగొడతారు.

దాళ్వా నీళ్ళు చాలావరకు ఎగువన సీలేరు నది జలాశయాల నుంచి వచ్చేవాటి మీద ఆధారపడతాయి. ఈ ఏడు ఎన్ని వస్తాయో ఇద్దరి అంచనాలూ కలవవు. కలపాల్సిన పని లేదు. "కాలువ తల దగ్గర గేజి (నీటిమట్టం కొలిచే స్కేలు) ఫలానా మట్టం పైన ఉంటే వంతు ఇలా, తగ్గితే ఇలా, ఇంకా తగ్గితే ముందు మంచినీటి చెరువు, ఆ తర్వాత చిరుపొట్టలో ఉన్న చేలు" అని మూడు పరిస్థితులకీ ముందే రాసుకోవాలి. ఈ భాగం లేని ఒప్పందాలే మార్చిలో తెగిపోతాయి.

తూము తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, గేజి ఫొటో రోజూ పొద్దున ఆరింటికి వాట్సాప్ గ్రూపులో ఎవరు పెడతారు, వంతు తప్పితే మర్నాడు ఎన్ని గంటలు వదులుకోవాలి, ఇవన్నీ కూడా ఆ కాగితంలోనే ఉండాలి. ఒప్పందం మంచిదా కాదా చూడటానికి సస్కిండ్ చెప్పే కొలతలు నాలుగు: న్యాయం, ఉన్నంతలో అందరికీ ఎక్కువ లాభం, సరైన సమాచారం మీద ఆధారపడటం, నిలబడటం. మన మీటింగులు ఎక్కువగా విస్మరించేది చివరిదాన్ని.

[తెరపై: 1997, 2023]

మన దగ్గర దీనికి చట్టంలో ఆధారం ఉంది. ఆంధ్రప్రదేశ్ 1997 సాగునీటి నిర్వహణ చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకి సభ్యుల మధ్య తగాదాలు పరిష్కరించే అధికారం ఉంది. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో సామాజిక మధ్యవర్తిత్వం అని ప్రత్యేక అధ్యాయం రాశారు. ఆ అధ్యాయం ప్రకారం, ఒక ప్రాంతంలో శాంతికి భంగం కలిగించే తగాదాని, పక్షాల ముందస్తు ఒప్పుదలతో, ముగ్గురు మధ్యవర్తులకి అప్పగించవచ్చు. అయితే అలా కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదు. అందుకే తాళాల సంగతి, ఫొటోల సంగతి అంత వివరంగా రాసుకోవాలి.

ఈ వృత్తిలోకి రావాలనుకునే విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న, లా చదవాలా అని. తప్పనిసరి కాదు. కోర్టు మధ్యవర్తులకి ఇచ్చే 40 గంటల శిక్షణ మాట్లాడించడం నేర్పుతుంది. కాలువ చదవడం అది నేర్పదు. ప్రణాళిక, వ్యవసాయం, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి అక్కడ ముందడుగు ఉంటుంది. కాలేజీలో మొదలుపెట్టాలంటే సస్కిండ్ తరగతుల్లో వాడే పాత్రల ఆట ఆడించండి. శివారు ఊరి కుర్రాడికి రొయ్యల చెరువు యజమాని పాత్ర, చెరువుల ఇంటి అమ్మాయికి కౌలు రైతు పాత్ర. ఒక్కొక్కరికీ రహస్యంగా ఒక పేజీ సూచనలు, గంటన్నర సమయం, చివర్లో కుదిరిన ఒప్పందాలన్నీ బోర్డు మీద పక్కపక్కన. ఒకే సమస్యకి ఒక జట్టు రెండు ఊళ్ళనీ గట్టెక్కిస్తుంది, మరో జట్టు విడిపోతుంది. తేడా ఎక్కడొచ్చిందో చర్చించడానికి ఆటకి పట్టినంత సమయం కేటాయించండి.